పిల్లల చేతికి పిండి ఇవ్వండి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు మమ్మల్ని బాలల విద్య మీద మాట్లాడమన్నారు. బడిపంతులు విద్య మీద ఏమి మాట్లాడతాడో మీకందరికీ తెలుసు. పిల్లలను రోజూ పంపండి, సెల్ ఫోన్ ఇవ్వకండి, లెక్కలు చూడండి అంటాడు. అవి మేము ప్రతి పేరెంట్స్ మీటింగులో చెప్పేవే. ఈసారి బడి సంగతి పక్కన పెట్టి వంటింటి సంగతి మాట్లాడదలచినాము. తెలుగులో మాట్లాడమన్నది కూడా కార్యదర్శి గారే. "మాస్టర్ సాబ్, సావనీరులో ఉర్దూ పేజీలు ముసలివాళ్ళే చదువుతున్నారు, పిల్లలకు అక్షరాలు రావటము లేదు" అన్నారు. ఉర్దూ పాఠాలు చెప్పుకొని బతికేవాళ్ళము, మాకు ఆ మాట ఎట్లా తగిలిందో వేరే చెప్పనక్కరలేదు. కాని ఈ రోజు విషయానికి ఆ మాటే మొదలు.

పోయిన చలికాలములో ఇంగ్లీషు మీడియములో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. చేతిలో అట్ట ఊడిపోయిన పాత కాపీ. నానీ రాసిపెట్టుకున్న వంటల కాపీ అది. నానీ పోయి రెండేళ్ళయింది. ఇంట్లో ఆ రాత చదవగలిగినవారు ఎవరూ లేరు. తల్లి చదువు తెలుగు మీడియము, పిల్లది ఇంగ్లీషు, తండ్రికి ఖురాన్ షరీఫ్ చదవటము వచ్చు గాని చేతిరాత ఉర్దూ రాదు. "సార్, దమ్ కే రోట్ ఎందులో ఉందో చదివి పెట్టండి" అన్నారు.

చదివినాము. రవ్వ ఒక సేరు. నెయ్యి పావ్‌సేరు మీద కొంచెము. చక్కెర ఇంట్లోవాళ్ళ నోటిని బట్టి. పాలు హస్బె జరూరత్, అంటే కావలసినంత. ఆంచ్ నరమ్, అంటే మంట మెత్తగా. రంగు వచ్చేదాకా. అంతే. తల్లి ఒక్కొక్క మాట తెలుగు అక్షరాలలో రాసుకొని పోయింది. పది రోజుల తరువాత బజారులో కనబడి, "రెండుసార్లు చేసినాము సార్. ఒకసారి రాయి అయింది, ఒకసారి పొడి అయింది. మీరు చదివినారు గాని వంట రాలేదు" అన్నది.

ఆ తల్లి మాటలో తప్పు లేదు. కాపీలో కూడా తప్పు లేదు. హస్బె జరూరత్ అని రాసిన ఆమెకు ఆ జరూరత్ ఎంతో చేతికి తెలుసు. రవ్వ సన్నదైతే పాలు ఒక తీరుగా తాగుతుంది, లావుదైతే ఇంకొక తీరుగా తాగుతుంది. మే నెలలో మన హైదరాబాదు ఎండకు నెయ్యి నూనెలాగా పారుతుంది, అదే నెయ్యి డిసెంబరులో పూసకట్టి గడ్డగా ఉంటుంది. పారే నెయ్యితో కలిపిన పిండి వేడికి జారి పళ్ళెమంతా పరుచుకుంటుంది, కనుక ఎండాకాలములో పిండి ఒక గుప్పెడు పెరగాలి, లేదా కలిపిన ముద్దను కాసేపు చల్లటిచోట ఉంచాలి. ఇవి నానీ రాయలేదు. ఎవరి కోసము రాస్తుంది? కూతురు పక్కనే కూర్చొని చూస్తుందనుకున్నది. కూతురేమో ఆ రోజులలో టెన్త్ పరీక్షలకు చదువుకుంటున్నది. నానీయే పంపలేదట వంటింట్లోకి, "నువ్వు చదువుకో బేటా" అని.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు కాబట్టే ఈ సభలో చెబుతున్నాము.

మన ఊళ్ళో కాల్చే వంటకాల సంగతి కొంచెము వేరు. ఖీర్, షీర్ ఖుర్మా పొయ్యి మీద అయిపోతాయి. కాల్చటానికి నాలుగు వైపుల నుండి వేడి కావాలి. ఆ ఏర్పాటు పూర్వము ఇళ్ళలో లేదు, బజారులో ఉండేది. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణము 1851లో మొదలైందని చెబుతారు. అక్కడి నాలుగు మూలల నాన్ తందూరు గోడకు కొట్టి కాల్చేది. అది ఇంటి పని కాదు. ఇంట్లో చేసుకోగలిగినది దమ్ ఒక్కటే. అంటే దేగ్చీ కింద నిప్పులు, మూత మీద కూడా నిప్పులు. దమ్ కే రోట్‌కు పేరు అందులో నుండే వచ్చింది. పెద్ద పండుగలకు ఎక్కువ కావలసివస్తే పిండి ఇంట్లో కలిపేవారు, పళ్ళాలలో సర్ది వాడలోని బట్టీకి పంపేవారు. పిండి మనది, నిప్పు బేకరీవాడిది. పళ్ళెము మోసుకుపోయేది పిల్లలు. మన పళ్ళెము పక్కవాళ్ళ పళ్ళెముతో మారిపోకుండా అక్కడే కాపలా కూర్చునేది కూడా పిల్లలే. (మా బడిలో బట్టీ పట్టే పిల్లలకు ఈ బట్టీ తెలియదు, అది మా దురదృష్టము.) అక్కడ కూర్చున్న పిల్లవాడికి ఎవరూ పాఠము చెప్పరు. ఏ పళ్ళెము ముందు లోపలికి పోయింది, ఏది మాడింది, ఉస్తాద్ పార ఎప్పుడు తిప్పినాడు అని చూస్తూ ఉంటాడు. నాలుగు ఈదులు చూసేసరికి సగము పని వచ్చేది.

ఇప్పుడు చర్లపల్లి సంగతి చూడండి. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది, తరువాత చర్లపల్లిలో, నాచారములో, మల్లాపూర్‌లో కార్ఖానాలు వచ్చినాయి. మనలో చాలామంది నల్లగొండ నుండి, జనగామ నుండి, మెదక్ నుండి, కొందరు పాతబస్తీ నుండి షెడ్డులలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ళము. మనుషులు వచ్చినారు, దాదీలు ఊళ్ళో ఉండిపోయినారు. బట్టీ ఉన్న వాడ వెనుక ఉండిపోయింది. ఇక్కడ షిఫ్టు డ్యూటీలు, రెండు గదుల ఇళ్ళు. ఈద్ వస్తే అట్టపెట్టె కొనుక్కుంటాము. కొనటము తప్పని మేము అనటము లేదు. మొజంజాహీ మార్కెట్టులో 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్టు, ఇరానీ హోటళ్ళ ఉస్మానియా బిస్కెట్టు ఈ నగరానికి పేరు తెచ్చినాయి. మొహర్రంలో నాంపల్లి సుభాన్ బేకరీ ముందు రోట్ కోసము జనము బారులు తీరుతారు. 2025 జనవరి 6న మన చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. ఇప్పుడు బంధువులు రైలెక్కేటప్పుడు మన చేతి నుండి వెళ్ళేది కూడా బిస్కెట్టు డబ్బానే. వాళ్ళ వ్యాపారము వర్ధిల్లాలి. మా ప్రశ్న వేరు. దుకాణములో దొరికేది దుకాణము వాడి రుచి. మీ దాదీ రుచి ఏ దుకాణములో దొరుకుతుంది?

రోట్ గురించి ఒక మాట. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన మనవడు ముకర్రం జా క్షేమము కోరి రోట్ సమర్పించే ఆనవాయితీ పెట్టినారని నగరములో చెప్పుకుంటారు. మొహర్రం ఆచారాల మీద మనలో అభిప్రాయభేదాలున్నాయి, ఆ చర్చ ఉలమాలది, మాది కాదు. చేసేవారు చేస్తారు, చేయనివారు అదే పిండితో మామూలు రోజున పిల్లలకు చేసిపెట్టవచ్చును. మాట కూడా పరాయిది కాదు. ఉర్దూ రోట్, తెలుగు రొట్టె అక్కచెల్లెళ్ళ వంటివి. పీర్ల పండుగకు పల్లెల్లో హిందువుల ఇళ్ళలో మలీద ముద్దలు చేస్తారన్నది ఇక్కడ ఉన్న జిల్లాలవాళ్ళకు మేము చెప్పాలా?

ఇక పిల్లల సంగతి. ఓవెన్ లేదు కదా అంటారు. అక్కరలేదు. అడుగు మందమైన దేగ్చీ తీసుకోండి. అడుగున ఒక అంగుళము మందము ఉప్పు గాని, కడిగి ఆరబెట్టిన ఇసుక గాని పోయండి. దాని మీద చిన్న స్టాండు, స్టాండు మీద పిండి బిళ్ళలు పెట్టిన పళ్ళెము. మూత బిగుతుగా ఉండాలి. పళ్ళెము పెట్టకముందే ఖాళీ దేగ్చీని పావుగంట వేడిచేయాలి, తరువాత మంట సన్నగా. ప్రెషర్ కుక్కరులో కూడా చేయవచ్చును, కాని లోపలి రబ్బరు తీసేయాలి, విజిల్ తీసేయాలి, నీళ్ళు పోయకూడదు. తల్లులు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. విజిల్ పెట్టి ఖాళీ కుక్కరు వేడిచేయటము ప్రమాదము. వెనుకటి రోజులలో అద్దము బిళ్ళ ఉన్న గుండ్రటి అల్యూమినియం కరెంటు ఓవెన్ కొందరిండ్లలో ఉండేది, అటక మీద ఉంటే దింపి వైరు బాగుచేయించి చూడండి.

మొదట రోట్ వద్దు, నాన్‌ఖతాయితో మొదలుపెట్టండి. నాన్ అంటే ఫారసీలో రొట్టె. సూరత్‌లో డచ్చివారి బేకరీ పార్సీల చేతికి వచ్చిన తరువాత ఈ వంటకము తయారైందని ఒక కథ ఉన్నది. అక్కడి నుండి మనదాకా వచ్చింది. దీని లెక్క చిన్న పిల్లవాడికి కూడా నోటికి వస్తుంది. తూకములో మైదా రెండు పాళ్ళు, నెయ్యి ఒక పాలు, దంచి జల్లించిన చక్కెర ఒక పాలు, ఏలకుల పొడి, చిటికెడు సోడా. మైదాలో కొంత తీసేసి ఆ మేరకు శనగపిండి వేస్తే వాసన బాగుంటుంది. నెయ్యి, చక్కెర కలిపి తెల్లగా నురగ తేలేదాకా అరచేతితో రుద్దాలి. ఇది ఏడేండ్ల పిల్ల చేసే పని, చాలా ఇష్టముగా చేస్తుంది. తరువాత మైదా కలుపుతారు. ఇక్కడ పిల్లలు చపాతీ పిండి అనుకొని పిసుకుతూ పోతారు. పిసకనీయకండి. పిసికిన కొద్దీ పిండిలో జిగురు పుడుతుంది, బిస్కెట్టు సాగుతుంది, ఖస్తాగా, అంటే కొరికితే పొడిగా విరిగేట్టు రాదు. నెయ్యి పిండి రేణువు రేణువుకూ పట్టుకొని ఆ జిగురును ఆపుతుంది. అందుకే పెద్దలు పిండిని గుప్పెట్లో నొక్కి చూస్తారు, ముద్ద నిలబడితే నెయ్యి సరిపోయినట్లు, రాలిపోతే చాలనట్లు. ఈ ఒక్క సంగతి పిల్లల చేతికి తెలిస్తే ఆ కాపీలోని హస్బె జరూరత్ సగము చదివినట్లే.

పదిహేను, ఇరవై నిమిషాలలో అంచు రంగు మారుతుంది. అప్పుడే దించాలి. దించినప్పుడు మెత్తగా ఉంటుంది. పిల్లలు వేలుతో నొక్కి, "అమ్మీ, పచ్చిగా ఉంది" అని మళ్ళీ లోపల పెట్టేస్తారు, మాడిపోతుంది. చల్లారితేనే గట్టిపడుతుందని చెప్పండి. ఓపిక అన్న మాటకు మేము తరగతిలో అర్థము చెబుతాము గాని, వేడి బిస్కెట్టు ముందు పది నిమిషాలు కూర్చున్న పిల్లవాడికి అది అర్థమైనంతగా మా దగ్గర కాదు.

రోట్‌కు అసలు రహస్యము నానబెట్టటము. రవ్వకు నెయ్యి బాగా పట్టించి, పాలు, కుంకుమపువ్వు, చక్కెర కలిపి మూతపెట్టి వదిలేయాలి. రవ్వ పాలు తాగి ఉబ్బాలి. తొందరపడి కాలిస్తే రాయి అవుతుంది. నెయ్యి ఎక్కువై పాలు తక్కువైతే పొడి అవుతుంది. ఆ అమ్మాయి ఇంట్లో జరిగింది ఈ రెండే. తరువాత వాళ్ళు పెద్ద ఖాలాను జనగామ నుండి పిలిపించుకున్నారు. ఆమె కాపీ చూడనేలేదు. పిండిలో చెయ్యి పెట్టి, "ఔర్ థోడా దూద్" అన్నదట, ఇంకొంచెము పాలు అని. ఆ థోడా ఎంతో పిల్ల కొలిచి రాసుకున్నది. ఆ రోట్ మాకు కూడా వచ్చింది. కత్తితో గళ్ళు గీసి, పైన చారోలీ, జీడిపప్పు అద్ది ఉన్నది. గళ్ళు వంకర, రుచి మాత్రము ఖాయము.

ఆమె రాసుకున్న తీరు చూసి మేము మా తరగతిలో అదే పని పెట్టినాము. మీ ఇంట్లో పెద్దవారు చేసే ఒక వంటకము వాళ్ళు చేస్తుండగా పక్కన కూర్చొని ఉర్దూలో రాసుకొని రండి అన్నాము. కూర్చొని రాయాలి, ఫోనులో అడిగి రాయకూడదు. పిల్లలు సేరు, పావ్‌సేరు, ఛటాంక్, తులం అని రాసుకొచ్చినారు. 1956 చట్టము తరువాత మన దేశములో మెట్రిక్ తూకాలు వచ్చి 1962 నాటికి బజారులో తప్పనిసరి అయినాయి, కాని ముసలివాళ్ళ నోట్లో పాత తూకము అట్లాగే నిలిచిపోయింది. 80 తులాలు ఒక సేరు, తులం సుమారు 11.66 గ్రాములు, కనుక సేరు 933 గ్రాములు, పావ్‌సేరు 233, ఛటాంక్ 58. ఈ లెక్క పిల్లలే బోర్డు మీద వేసినారు. దశాంశాలంటే పారిపోయే పిల్లవాడు తన దాదీ నెయ్యి లెక్క తప్పు వేయటానికి ఒప్పుకోలేదు. గుప్పెడు అని రాసినవాళ్ళను దాదీ గుప్పెడు రవ్వ తక్కెట్లో పెట్టి తూచి రమ్మన్నాము. ఒక దాదీ గుప్పెడు ఇంకొక దాదీ గుప్పెడుకు సరితూగలేదు. ఈ సంగతి మాకు ముందే తెలిసినా పిల్లలు కనిపెట్టినట్లు సంతోషించినారు, మేము చెడగొట్టలేదు.

కొందరు తండ్రులు మమ్మల్ని అడిగినారు, "పోట్టీకు సిఖావ్ సాబ్, పోట్టేకు కైకూ?" అని. ఆడపిల్లకు నేర్పండి, మగపిల్లవాడికి ఎందుకు అని. మొదటి జవాబు ధర్మము నుండి. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులు చేస్తూ ఉండేవారని, నమాజ్ వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా చెప్పినట్లు బుఖారీ షరీఫ్‌లో ఉన్నది. రెండో జవాబు బజారు నుండి. మీరు రోట్ కొనే దుకాణములో బట్టీ ముందు నిలబడినది ఎవరు? మగవాడే కదా. జీతానికి కాలిస్తే ఉస్తాద్, ఇంట్లో అమ్మకు సాయము చేస్తే నామోషీ, ఈ లెక్క మాకు అర్థము కాలేదు. అక్క ఒక్కతే నెయ్యి రుద్ది, జల్లించి, గిన్నెలు కడుగుతుంటే తమ్ముడు వచ్చి ఏడు బిస్కెట్టులు తిని పోయే ఇంట్లో, ఆ పిల్లలు ఇద్దరూ నేర్చుకునే పాఠము మంచిది కాదు. గిన్నెలు కూడా కడిగించండి. అసలు పరీక్ష అక్కడే ఉన్నది.

పరీక్షల సంగతి అంటారా? 2025లో ఈదుల్ ఫిత్ర్ మార్చి 31న, సరిగ్గా పదో తరగతి పరీక్షల మధ్యలో వచ్చింది. అటువంటప్పుడు పదో తరగతి పిల్లలను వదిలేయండి, మేమే వద్దంటాము. కాని ఈద్ ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, పరీక్షలు జరగవు. రంజాన్ ముందు ఆదివారాలున్నాయి, ఎండాకాలపు సెలవులున్నాయి. చక్కెర జబ్బు ఉన్న ఇళ్ళలో పెద్దలు ఒక ముక్క రుచి చూసి మిగతాది పంచండి. పంచటానికి మనుషులకు కొదవా? సంక్రాంతికి మన గడప లోపలికి సకినాలు, అరిసెలు వస్తాయి. ఖాళీ పళ్ళెము తిరిగి పంపకూడదని మన పెద్దలు నేర్పినారు. సకినాలు చుట్టే ఇళ్ళలో చూడండి, వాడ ఆడవాళ్ళంతా గుడ్డ పరిచి చుట్టూ కూర్చుంటారు, మధ్యలో పిల్లలు వంకరటింకరగా చుడుతుంటారు, ఎవరూ కొట్టరు. వాళ్ళ పిల్లలకు ఆ చుట్టు వస్తున్నది. మన పిల్లవాడు ఆ పళ్ళెములో తాను కాల్చిన నాన్‌ఖతాయి పెట్టి, "ఆంటీ, నేను చేసిన" అని ఇచ్చి రావాలని మా ఆశ.

నిప్పు దగ్గర మాత్రము జాగ్రత్త. చిన్నపిల్లలకు జల్లెడ, గిన్నె, అద్దటము వరకే. వేడి దేగ్చీ మూత తీయటము పెద్దవాళ్ళ పని. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు కూడా నూలు గుడ్డతో, తల్లి పక్కన ఉంటేనే తీయాలి. నైలాన్ దుపట్టా వేసుకొని పొయ్యి దగ్గరికి పోనీయకండి.

మా తరగతి పిల్లలు రాసిన కాపీలు సంఘం ఆఫీసు అలమారాలో పెట్టించినాము. ప్రతి వంటకము కుడివైపు పేజీలో ఉర్దూలో, ఎడమవైపు పేజీలో తెలుగులో ఉన్నది. తెలుగు పేజీ రాయటములో పక్క బడి పిల్లలు సాయము చేసినారు. రోట్ నాలుగు ఇళ్ళ తీరులో ఉన్నది, నాలుగూ వేరు, ఏది సరైనదని మమ్మల్ని అడగవద్దు. కావలసినవారు జుమా నమాజ్ తరువాత వచ్చి పదిహేను రోజులకు తీసుకుపోవచ్చును. వెనుక ఖాళీ పేజీలున్నాయి. ఇంట్లో దాదీ గాని, నానీ గాని ఉంటే వాళ్ళ పక్కన పిల్లను, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఒక పేజీ రాయించి తిరిగి ఇవ్వండి. కాగితము మీద నెయ్యి మరక పడితే పడనీయండి, దానికి జుర్మానా లేదు. ఖుదా హాఫిజ్.